ఊఁ కొట్టిన పాపానికి

ఊఁ అన్నందుకు ఇంట్లో ఒక గది పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నేను సంతకం పెట్టలేదు, చేతిలో చెయ్యేసి మాటివ్వలేదు, తలకాయ కూడా సరిగ్గా ఊపలేదు. పెదాలు మూసుకునే, గొంతులోంచి ఒక్క ఊఁ అన్నాను. దాంతో నా ముందు గది నాది కాకుండా పోయే పరిస్థితి వచ్చింది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. లేకపోతే తప్పంతా నాదేనని మీరు ఇక్కడే తేల్చేస్తారు. నేను కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటాను. కరెంటు ఉన్నంతసేపూ మేమున్నామనే సంగతే ఎవరికీ గుర్తుండదు. పోయిందంటే చాలు, ఊరు ఊరంతా నా చెవిలోకే వస్తుంది. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయని ఒకావిడ, లిఫ్టులో మామగారు ఇరుక్కుపోయారని ఒకాయన, ఏ కారణమూ లేకుండా తిట్టడానికే చేసేవాళ్ళు ఇంకొందరు. ఉద్యోగంలో చేరినప్పుడు మాకు గట్టిగా నేర్పింది ఒకటే: అవతలివాళ్ళు చెబుతున్నప్పుడు మధ్యమధ్యలో ఊఁ కొడుతూ ఉండాలి. కొట్టకపోతే "లైన్లో ఉన్నారా?" అని అడుగుతారు. అలా అడిగించుకోవడం మా దగ్గర పెద్ద నేరం. కాబట్టి మా ఊఁ అంటే సరేనని కాదు. విన్నానని కూడా కాదు. ఫోను పెట్టేయలేదని, అంతే. ఇన్నేళ్ళ సర్వీసులో అది నా గొంతులో దానంతటదే పుట్టడం నేర్చుకుంది. ఎదుటివాళ్ళ మాట ఎక్కడ ఆగితే అక్కడ నాకు ఊఁ వచ్చేస్తుంది.

రోజంతా అలా చీవాట్లు తిని ఇంటికొచ్చాక నాకు కావలసింది చప్పుడు లేకపోవడం. మా ఆయన పోయాక, అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక, రెండు గదుల ఇల్లు నాకొక్కదానికే మిగిలింది. లోపలి గదిలో పడుకుంటాను. ముందు గదిలో కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చుంటాను. టీవీ అమ్మాయికే ఇచ్చేశాను. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ తీసి అవతల పడేశాను. పాపం ఒంటరిది అని నా మీద జాలిపడేవాళ్ళున్నారు. వాళ్ళని ఒక్కరోజు నా సీట్లో కూర్చోబెట్టి ఆ ఫోను ఎత్తించాలి.

ఇక మా వదినగారు. అంటే మా వియ్యపురాలు, అల్లుడి తల్లి. ఆవిడ కూడా ఒక్కతే. పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు ఉతికి ఆవిరి మిషన్ల మీద ఇస్త్రీ చేసే చోటు. ఆ మిషన్ల రొదలో పక్కమనిషి అరిచినా వినపడదట, అందరూ చేతి సైగలతోనే పని కానిస్తారట. అంటే ఆవిడ రోజంతా నోరు కట్టేసుకుని ఉంటుంది, నేను రోజంతా చెవి అప్పగించి ఉంటాను. ఇలాంటి ఇద్దరిని ఒకే బస్సులో పక్కపక్కన కూర్చోబెట్టాడు ఆ దేవుడు.

ఆవిడ నాకంటే ముందు స్టాపులో ఎక్కుతుంది. పక్క సీట్లో సంచి పెట్టి, ఎవరొచ్చినా "మా వదినగారొస్తారండీ" అని ఆపి ఉంచుతుంది. నేను ఎక్కగానే సంచి తీసి, ఆ సీటుని చేత్తో ఒకసారి దులుపుతుంది. అంత మర్యాద చేసే మనిషిని వదిలి వెనకెక్కడో కూర్చోవడం ఎలా? పైగా పిల్లనిచ్చినదాన్ని. కూర్చుంటాను. కూర్చున్నది మొదలు నేను దిగేదాకా గుక్క తిప్పుకోదు. లాండ్రీ సూపర్‌వైజరు, ఆయన తోడల్లుడు, మోకాలి నొప్పి, మా మనవడికి వచ్చిన రెండో పన్ను, అది వచ్చిన వైపు, రావలసిన వైపు. చెడ్డ మాట ఒక్కటుండదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే పోట్లాడి అవతలికి పోయేదాన్ని.

అయినా అన్నీ భరించాను. భరించలేకపోయింది ఒక్కటే.

వదినగారు అద్దెకుండే పాత భవనాన్ని పడగొట్టి కొత్తది కడతారట. అందరినీ ఖాళీ చెయ్యమన్నారు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ మాటలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే రాసాగాయి. కొడుకు దగ్గరికి వెళ్దామంటే వాళ్ళదే ఒంటిగది కొంప. పిల్లాడి ఉయ్యాలకి చోటు చాలక పగలంతా మంచాన్ని గోడకి నిలబెడుతున్నారు.

"నాకెంత కావాలి వదినగారూ, పడుకునేంత చాలు," అనేది. మర్నాడు, "మీ ముందు గదికి కిటికీ తూర్పు వైపు కదూ?" అనేది. ఆ మర్నాడు, "మీరొక్కరే ఉంటారు, ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే ఎలా?" అనేది.

అడగలేదు. అడగబోతోంది. అడిగిందంటే నా పని అయిపోయినట్టే. కాదంటే రేపు అమ్మాయి మొహం ఎలా చూడను? అవునంటే ఈ మాటల ప్రవాహం బస్సు దిగి నాతోపాటు ఇంట్లోకి వచ్చేస్తుంది. దీనికి ఒకటే దారి కనిపించింది నాకు. ఆవిడ అడిగినా నాకు వినపడకూడదు.

దూది పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పక్కన వియ్యపురాలు మాట్లాడుతుంటే చెవుల్లో దూది కుక్కుకుంటే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. అదే ఇయర్‌ఫోన్స్ అయితే ఎవరూ తప్పుపట్టరు. ఈ రోజుల్లో బస్సులో సగం మంది చెవుల్లో అవే ఉంటాయి.

బస్టాండు వెనక సందులో ఒక షాపు ఉంది. ఫోన్లు బాగుచేస్తూ ఇవన్నీ అమ్ముతాడు. బట్టతలాయన, నుదుటి మీద భూతద్దం, నిదానస్తుడు. "బస్సులో చప్పుడు వినపడకూడదండీ," అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా ఒక డబ్బా తీశాడు. నాయిస్ క్యాన్సిలింగ్ అట. లోపల చిన్న మైకు ఉండి, బయటి రొదకి ఎదురు రొద పుట్టించి దాన్ని చంపేస్తుందట. నా చెవుల్లో పెట్టి, బల్ల మీది స్పీకర్లో ఇంజన్ చప్పుడు పెట్టాడు. నిజంగానే మాయమైపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కొనేశాను.

మర్నాడు బస్సెక్కి, కూర్చుని, పెట్టుకున్నాను. ఇంజన్ పోయింది. కిటికీ అద్దాల గడగడ పోయింది. రోడ్డు మీది రొద కూడా చాలావరకు పోయింది. మిగిలింది ఎవరు? మా వదినగారు. అంతకుముందు ఆవిడ మాటల్లో సగం ఇంజన్ తినేసేది. ఇప్పుడు ఆ అడ్డు కూడా లేదు. ఒక్కో అక్షరం కడిగిన గిన్నెలా తళతళలాడుతూ వచ్చి చెవిలో పడింది. మోకాలి నొప్పి ఎడమ కాలికి కాదు, కుడికాలికని నాకు ఆ రోజే తెలిసింది.

ఒళ్ళు మండిపోయి సాయంత్రం మళ్ళీ షాపుకి వెళ్ళాను. "మీరు చంపాల్సినవాళ్ళని వదిలేసి వేరేవాళ్ళని చంపారు," అన్నాను.

ఆయన కంగారుపడలేదు. భూతద్దం పైకి తోసుకున్నాడు. "ఏ చప్పుడు ఆగాలో సరిగ్గా చెప్పండమ్మా. ఇవి ఇంజన్, విమానం, ఏసీ లాంటి ఒకే మోత మీద బాగా పనిచేస్తాయి. మీకు ఆగాల్సింది ఇంజనా, రోడ్డా, మనుషులా?"

నేను నీళ్ళు నమిలాను. "మనుషులు."

"ఎంతమంది?"

"ఒక్కరే."

"ఒక్కరైతే ఇంత ఖర్చెందుకమ్మా, కాస్త నెమ్మదిగా మాట్లాడమని చెప్పి చూడకపోయారా?"

"మా వియ్యపురాలండీ."

ఆయన ఒక్క నిమిషం నా వైపు చూశాడు. ఇంకొక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. లేచి వెళ్ళి లోపలి అలమరాలోంచి వేరే డబ్బా తెచ్చాడు. ఆ మనిషికి కూడా పెళ్ళయిన పిల్లలున్నారని నాకు అర్థమైంది.

ఇవి వైరున్నవి. వీటికి బ్యాటరీ లేదు, మైకు లేదు, మాయ ఏమీ లేదు. చెవి రంధ్రాన్ని బిరడా బిగించినట్టు మూసేస్తాయి, అంతే వీటి గొప్ప. కానీ ఆ బిగించడంలోనే ఉందట కిటుకంతా. డబ్బాలో రకరకాల కొలతల రబ్బరు బుడిపెలు, ఇంకా మెత్తటి స్పాంజివి ఉన్నాయి. ఒక్కొక్కటీ తొడిగి చూపించాడు. చిన్నది జారిపోయింది. పెద్దది నొక్కేసింది. మధ్యరకం కుడి చెవికి అతికినట్టు సరిపోయింది గానీ ఎడమ చెవికి వదులైంది.

"చాలామందికి రెండు చెవులూ ఒక్కలా ఉండవమ్మా," అన్నాడు. "ఆ సంగతి తెలీక ఒకే కొలత పెట్టుకుంటారు, బాలేదని డబ్బాని తిడతారు."

చివరికి స్పాంజివి పెట్టాడు. పెట్టుకునే పద్ధతి నేర్పాడు. బుడిపెని వేళ్ళతో సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి పట్టుకోవాలి. లోపలికి తోసి, అది మెల్లగా ఉబ్బి చెవిని నింపేదాకా వేలు తియ్యకూడదు. షాపు మధ్యలో తల చుట్టూ చేతులు మెలేసుకుని నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. అప్పుడు లోకం మెల్లమెల్లగా దూరం జరగడం మొదలుపెట్టింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "ఆహా," అన్నాను. నా గొంతు నాకే నూతిలోంచి వచ్చినట్టు బుర్రంతా మోగింది.

వైరు బట్టలకి రాసుకుంటే లోపల బరబరమంటోందని చెబితే, దాన్ని చెవి వెనక నుంచి తిప్పి కాలరుకి చిన్న క్లిప్పుతో బిగించాడు. ఆ చప్పుడు కూడా పోయింది. తీశాక, "రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసెయ్యాలమ్మా, హారన్ వినపడదు," అన్నాడు. "ఇంతకీ ఏం వింటారు వీటిలో?"

"ఏమీ వినను," అన్నాను. ఆయన తల ఊపి డబ్బా సంచిలో పెట్టాడు.

వదినగారికి చెప్పాల్సింది ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "ఆఫీసువాళ్ళు పాత ఫిర్యాదుల రికార్డింగులన్నీ వినమన్నారండీ, ఇంట్లో తీరిక దొరకడం లేదు," అన్నాను. ఆవిడ నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఏం నొచ్చుకోలేదు.

"అయ్యో, వినండి వినండి, ఉద్యోగం ముఖ్యం. నా మానాన నేను మాట్లాడుకుంటాను. మీరు మధ్యమధ్యలో ఊఁ అనండి, చాలు," అంది.

ఊఁ అనడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఆవిడ మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి గాలిలో తిరుగుతూ ఉంటుంది. లాండ్రీలో సైగల అలవాటు. ఆ చెయ్యి ఆగితే వాక్యం అయినట్టు. చెయ్యి ఆగగానే ఊఁ అనేదాన్ని. అది నా బుర్రలో గుంయ్‌మని మోగేది. వైరు చివర ఫోనుకి తగిలించడం కూడా మానేసి హ్యాండ్‌బ్యాగులో పడేసేదాన్ని. బయట ఊరంతా మూగగా కదులుతుండేది. పక్కన ఆవిడ, ఆవిడ చెయ్యి, అప్పుడప్పుడు నా ఊఁ. పెళ్ళికి ముందు తర్వాత కలిపి నేను అంత ప్రశాంతంగా ప్రయాణం చేసిన రోజులు లేవు.

ఒకరోజు మాత్రం ఆవిడ చెయ్యి లేవలేదు. ఒళ్ళో సంచి పట్టీని మెలిపెడుతూ చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది. పెదాలు కొంచెంగా కదిలాయి, ఆగాయి. ఆగాయి కదా, ఊఁ అన్నాను.

ఆవిడ నా వైపు అలాగే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మణికట్టు మీద చెయ్యి వేసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. ఇక నేను దిగేదాకా ఒక్క మాట లేదు. నాకు ఏమనిపించిందో దాచుకోకుండా చెబుతాను. సంతోషం వేసింది. పాపం, మనిషికి ఏదో గుర్తొచ్చింది, ఈ పూటకి ఊరుకుంది అనుకున్నాను.

సాయంత్రం కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపానో లేదో అమ్మాయి ఫోను. ఏడుస్తోంది. పిల్లాడికేమైనా అయిందా అని అడిగాను.

"ఏం కాలేదమ్మా. నువ్వు ఇంత మంచిదానివని నాకెప్పుడూ తెలీలేదు," అంది.

ఆ మాటకి కోప్పడాలో సంతోషించాలో తెలీలేదు. "ఏం చేశాన్నేను?"

"అత్తయ్యని ముందు గదిలో ఉండమన్నావటగా. ఆయన పెద్దిల్లు తీసుకుందామని రాత్రి డ్యూటీ కూడా వేయించుకుంటానన్నారు. పగలూ రాత్రీ పనిచేస్తే మనిషి ఏమైపోతారో అని నాకు నిద్రలేదు. ఇందాక అత్తయ్య వచ్చి చెప్పగానే ఆయన అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. డ్యూటీ వద్దని ఫోను చేసి చెప్పేశారు కూడా."

"నేనెప్పుడన్నానే?"

"బస్సులో అత్తయ్య అడిగితే ఊఁ అన్నావటగా."

అది నా ఊఁ కాదే, ఆఫీసు ఊఁ అని చెప్పాలి. ఆవిడేమడిగిందో నాకు వినపడలేదని చెప్పాలి. ఎందుకు వినపడలేదంటే ఏం చెప్పాలి? అవతల అమ్మాయి ముక్కు చీదుకుని, నా జవాబు కోసం ఆగింది. ఆగింది కదా, నా గొంతు దాని పని అది చేసేసింది. "ఊఁ," అన్నాను మళ్ళీ.

ఫోను పెట్టేశాక నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత ఆ మంట వదినగారి మీదికి మళ్ళింది. చెవులు మూసుకున్న మనిషిని అడిగి, ఊఁ అనిపించుకుని, అప్పటికప్పుడు పోయి కొడుక్కి చెప్పేస్తుందా? ఇదేం పద్ధతి? రేపు బస్సులో తేల్చేస్తాను అనుకున్నాను. అల్లుడి కన్నీళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా కాస్త మెత్తబడి, ముందు గది నాలుగు మూలలూ చూసుకుని మళ్ళీ గట్టిపడ్డాను.

మర్నాడు ఇయర్‌ఫోన్స్ బ్యాగులోంచి తియ్యలేదు. ఆవిడ ఎప్పటిలాగే సంచి తీసి సీటు దులిపింది. కూర్చున్నాను. బస్సు కదిలింది.

"వదినగారూ, మీతో ఒక మాట చెప్పాలి," అన్నాను. "నిన్న మీరు అడిగింది నాకు వినపడలేదు."

"తెలుసండీ," అంది ఆవిడ.

నేను నోటికొచ్చేలా వల్లెవేసుకున్నదంతా అక్కడే ఆగిపోయింది. "తెలిసే అడిగారా?"

"వినపడదు కాబట్టే అడిగాను. అవి పెట్టుకున్నప్పటినుంచి రోజూ అడుగుతూనే ఉన్నాను. మొదట్లో సగం దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. నిన్నే మొత్తం అడగగలిగాను. మీకు వినపడేలా అడిగితే మీరు ఇబ్బంది పడతారు. మీ మొహం నేను చూడలేను."

"రికార్డింగులు..." అని ఏదో అనబోయాను.

"మీరేమీ వినడం లేదని కూడా తెలుసు వదినగారూ. ఒకరోజు వైరు చివర బ్యాగులోంచి బయటికొచ్చి వేలాడింది. ఎవరైనా చూస్తే మీకు బాగోదని నేనే మళ్ళీ లోపల పెట్టాను."

అవమానంతో నా చెవులు వేడెక్కిపోయాయి. బ్యాగులో ఉన్నవి తీసి పెట్టుకునే మొహం కూడా లేదు ఇప్పుడు. ఆవిడ గొంతులో దెప్పిపొడుపు వెతికాను. అదీ లేదు.

"మరి అబ్బాయికెందుకు చెప్పారు?"

"వాడు రాత్రి డ్యూటీ కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడండీ. వాడి నాన్న అలా రెండు డ్యూటీలు చేసే పోయారు. ఆ క్షణంలో నాకు ఇంకేం తట్టలేదు. వదినగారు ఊఁ అన్నారు అనేశాను. అబద్ధం కాదుగా అది, అన్నారుగా." కాస్త నవ్వబోయి మానేసింది. "మీ అమ్మాయి మీకు ఫోను చేస్తుందనే ఆలోచనే రాలేదు. క్షమించండి. మిమ్మల్ని ఇరకాటంలో పెట్టను. ఆసుపత్రి వెనక ఆడవాళ్ళ హాస్టల్ ఉంది. హాల్లో వరసగా మంచాలు. నాకొక మంచం చెప్పి ఉంచాను. పగలంతా డ్యూటీలోనే ఉంటాను, రాత్రి పడుకోవడానికేగా. కాకపోతే మీరు ఒక్క సాయం చెయ్యాలి."

"ఏంటది?"

"ఆదివారాలు మీ ముందు గదిలో కాసేపు కూర్చోనివ్వండి. వాడు పిల్లాడిని తీసుకుని చూడ్డానికొస్తాడు. నేను అక్కడ కనిపిస్తే చాలు. వాడు వెళ్ళగానే నేనూ వెళ్ళిపోతాను."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, బస్సులో వాళ్ళు తిరిగి చూసేంత. "నన్నేమనుకుంటున్నారు మీరు? వియ్యపురాలిని హాస్టల్లో పడేసి, వారం వారం కుర్చీలో కూర్చోబెట్టి, అల్లుడు రాగానే టీ ఇచ్చి నాటకమాడేదాన్నా? రేపు పిల్లాడికి మాటలొచ్చాక నానమ్మ మంచం ఏదని అడిగితే ఏది చూపిస్తారు?"

ఆవిడ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నా కోపం ఆవిడ మీద కాదని నాకు తెలుసు. ఆ మాటలు నోట్లోంచి వస్తుండగానే, రోజుల తరబడి ఆ చెయ్యి గాలిలో తిరిగి తిరిగి, అడగలేక మధ్యలో దిగిపోవడం నా కళ్ళముందు కనబడుతోంది. పక్కనే కూర్చుని నేను కిటికీలోంచి ఊరు చూశాను.

"ఇప్పుడు అడగండి," అన్నాను. "నా రెండు చెవులూ ఖాళీగానే ఉన్నాయి. వినపడేలా అడగండి. అడిగితే చెబుతాను."

ఆవిడ నోరు తెరిచింది. మూసింది. సంచి పట్టీ పట్టుకుంది. అంత మాటకారి మనిషికి నోరు పెగల్లేదు. ఇంజన్ గట్టిగా మోగుతోంది, అద్దాలు గడగడలాడుతున్నాయి, వెనక ఎవరో ఫోనులో కేకలేస్తున్నారు. ఆ రొదలో నేను ఆవిడ మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నా స్టాపు వచ్చింది. దిగలేదు. కరెంటు పోయినవాళ్ళు కాసేపు ఇంకెవరినైనా తిట్టుకోనీ అనుకున్నాను. బస్సు మళ్ళీ కదిలింది. నాకు భయంగానే ఉంది. ఆవిడ అడిగితే నా చప్పుడు లేని సాయంత్రాలు పోతాయి. అడగకపోతే ఆ హాల్లో వరస మంచాల మధ్య ఈవిడ రోజంతా దాచుకున్న మాటలు ఎవరికి చెబుతుంది?

ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా ఆవిడ నా వైపు తిరిగింది.

"నాకు గురక ఉంది వదినగారూ," అంది.

నేనేమీ అనలేదు. ఊఁ కూడా అనలేదు.

"ముందే చెప్పడం మంచిది కదా. అబ్బాయికి కూడా తెలీదు. వాడు పెళ్ళయి వెళ్ళాక మొదలైనట్టుంది. వినేవాళ్ళెవరూ లేక నాకూ తెలీలేదు. పక్కింటావిడ గోడ మీద కొడుతుంది. మొదట్లో ఎందుకు కొడుతోందో అర్థమయ్యేది కాదు, భయపడి లేచి కూర్చునేదాన్ని. ఇప్పటికీ కొట్టినప్పుడల్లా లేచి పొద్దున్నదాకా అలాగే కూర్చుంటాను."

బస్సు ఆగింది. ఇద్దరం లేచాం. నేనే ఆవిడ సంచి తీసి చేతికిచ్చాను.

"గోడ కొట్టను," అన్నాను. "ముందు గదిలోకొచ్చి నేనే లేపుతాను. లేచి కూర్చోకుండా, పక్కకి తిరిగి పడుకోండి."